స్క్రీన్ రికార్డింగ్‌కి ఓబీఎస్సా, గేమ్ బారా?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ రాత్రిళ్లు తెలుగులో కోడింగ్ పాఠాలు రికార్డు చేద్దామనుకునే మనవాళ్లకి ముందుగా వచ్చే సందేహం ఇదే. ఖర్చు గొడవ లేదు: రెండూ ఉచితం, రెండింటిలోనూ వీడియో మీద వాటర్‌మార్క్ పడదు.

మొదలుపెట్టడం: గేమ్ బార్ మామూలుగా విండోస్ 10, 11లతోనే వస్తుంది. విండోస్, ఆల్ట్, ఆర్ మీటలు కలిపి నొక్కితే చాలు. ఓబీఎస్ స్టూడియోని డౌన్‌లోడ్ చేసుకోవాలి. దాంట్లో సోర్సులు (స్క్రీన్, కెమెరా, మైకు లాంటివి), వాటిని కలిపి పేర్చే సీన్లు అర్థమయ్యేసరికి ఒక సాయంత్రం పోతుంది.

ఏం రికార్డవుతుంది: అసలు తేడా ఇక్కడే. గేమ్ బార్ ఒక్క యాప్ విండోనే పట్టుకుంటుంది. డెస్క్‌టాప్‌ని, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌ని రికార్డు చేయదు. ఎడిటర్‌లో కోడ్ రాసి, బ్రౌజర్‌లో ఫలితం చూపించాలంటే అక్కడే ఆగిపోతారు. ఓబీఎస్ మొత్తం స్క్రీన్ తీస్తుంది, మూలన మీ ముఖం కూడా పెడుతుంది.

శబ్దం: రింగ్ రోడ్డు హారన్లు, నెత్తిమీద ఫ్యాను. ఓబీఎస్‌లో ఇలాంటి రొద తగ్గించే నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ ఉంది. గేమ్ బార్‌లో అలాంటిది లేదు.

రిస్క్: యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో కరెంటు పోతే టెన్షనే. గేమ్ బార్ తీసే ఎంపీ4 ఫైలు మధ్యలో తెగితే తెరుచుకోకపోవచ్చు. ఓబీఎస్‌లో ఎంకేవీ అనే వీడియో ఫైల్ ఫార్మాట్ ఎంచుకుంటే అప్పటిదాకా అయినంత మిగులుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే ఉండే రీమక్స్‌తో (ఫైల్ ఫార్మాట్ మార్చే సదుపాయం) ఎంపీ4గా మార్చుకోవచ్చు.

ఆఫీసులో టీమ్‌కి బగ్ చూపించే రెండు నిమిషాల క్లిప్‌కి ఓబీఎస్ అనవసరం, గేమ్ బార్ చాలు. పాఠాల సిరీస్ తీస్తుంటే ఓబీఎస్ నేర్చుకోండి. మీది మ్యాక్ లేదా లినక్స్ అయితే ఈ రెండింటిలో ఓబీఎస్ ఒక్కటే పనిచేస్తుంది.