మోకా పాట్ కొంటున్నారా? ముందు దాని సేఫ్టీ వాల్వ్ చూడండి

స్టవ్ మీదే చిక్కటి కాఫీ కాచుకోవచ్చన్న ఆశతో ఈమధ్య ఆన్‌లైన్‌లో ఒక మోకా పాట్ తెప్పించుకున్నాను. కింది గిన్నెలో నీళ్ళు కాగినప్పుడు పుట్టే ఒత్తిడి, ఆ నీళ్ళను మధ్యలోని కాఫీ పొడిగుండా పై పాత్రలోకి నెట్టే పరికరమిది. 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి తెచ్చిన ఎనిమిది పలకల ఆకారమే దీనికీ ఉండడంతో, చూడగానే నమ్మకం కుదిరింది. ఆ ఆకారాన్ని ఎవరైనా పోత పోయగలరని అప్పుడు తట్టలేదు.

మూడోసారి కాచినప్పుడు, ఎంతసేపు మంట మీద ఉంచినా పై పాత్రలోకి చుక్క రాలేదు. కాసేపటికి రెండు భాగాలను బిగించే మర చుట్ల దగ్గర బుస్సుమని ఆవిరి లేచి, మరిగే గోధుమరంగు నీళ్ళు స్టవ్ అంతటా చిమ్మాయి. మంట ఆర్పి దూరంగా నిలబడ్డాను కనుక చేతులు కాలలేదు.

ఇందులో నా తప్పూ ఉంది: మరీ మెత్తటి పొడి వేసి, పైగా చెంచాతో అదిమాను. మోకా పాట్‌లో పొడిని అదమకూడదు. కింది గిన్నెలో పుట్టే ఒత్తిడి మామూలుగా ఒకటి రెండు బార్లే (బార్ అంటే ఒత్తిడి కొలత; కాఫీ షాపుల్లోని ఎస్ప్రెస్సో యంత్రంలో అది 9 దాకా ఉంటుంది) కాబట్టి గట్టిపడిన పొడిని దాటి నీరు పైకి పోలేదు. అయితే అలా దారి మూసుకుపోయినప్పుడు ఒత్తిడిని బయటికి వదలడానికే కింది గిన్నె పక్కన సేఫ్టీ వాల్వ్ పెడతారు. పాత్ర చల్లారాక విప్పి లోపలినుంచి చూస్తే, నా దానికి ఆ చోట రంధ్రమే లేదు. బయట మెరుస్తున్న ఇత్తడి బొడిపె వాల్వ్ కాదు, వాల్వ్ వేషం.

వాడిన వస్తువును వెనక్కి తీసుకోబోమని అమ్మినవారు చెప్పారు. రంధ్రం లేని గిన్నె ఫోటో పంపిన తరువాత ఆ సమాధానం కూడా ఆగిపోయింది.

అందువల్ల పెట్టె విప్పగానే, నీళ్ళు పోయకముందే, గిన్నె లోపలివైపు వాల్వ్ రంధ్రం ఉందో లేదో చూడండి. వాల్వ్ మధ్యలోంచి బయటికి చిన్న పుల్ల కనిపించే రకమైతే దాన్ని కదిపి చూడండి. రబ్బరు వాషర్ చుట్టూ సమంగా కూర్చోవాలి, మరలు పట్టేయకుండా తిరగాలి. ఆరు కప్పులని రాసి ఉంటే అవి సుమారు 50 మిల్లీలీటర్ల చిన్న కప్పులని గుర్తుంచుకోండి. ఇదివరకే వాడుతున్నవారు కూడా వాల్వ్‌ను అప్పుడప్పుడు చూసుకోవాలి, ఎందుకంటే నీటిలోని లవణాలు పేరుకుపోతే అసలైన వాల్వ్ కూడా బిగుసుకుపోతుంది. నీళ్ళను ఎప్పుడూ వాల్వ్ కిందివరకే పోయాలి.