వెర్మాంటా, న్యూ హాంప్‌షైరా, మెయినా: మన కుటుంబానికి ఏది మేలు?

న్యూజెర్సీలోనో బోస్టన్ చుట్టుపక్కలో ఏళ్ళ తరబడి అద్దెకుంటూ ఇంటినుంచే పని చేసుకునే మనవాళ్ళలో ఈ ఆలోచన బాగా పెరిగింది. ఎలాగూ ఆఫీసుకు వెళ్ళేది లేదు, ఇక్కడ ఇల్లు కొనే స్తోమతా లేదు, పైకి వెళ్ళిపోయి కొండలు, చెట్లు ఉన్న చోట కాస్త నేల కొనుక్కుంటే ఏం? మంచి ఆలోచనే. మేమూ అలాగే న్యూజెర్సీ వదిలి న్యూ హాంప్‌షైర్ వచ్చాం, వచ్చినందుకు సంతోషంగానే ఉన్నాం. కానీ మూడు రాష్ట్రాలూ పక్కపక్కనే ఉన్నాయి కదా, ఎక్కడైనా ఒకటేలే అనుకుంటే మాత్రం పొరపాటు.

నా లెక్క ముందే చెప్పేస్తాను. గ్రీన్ కార్డు ఇంకా రాలేదంటే దక్షిణ న్యూ హాంప్‌షైర్, అంటే నాషువా, మెర్రిమాక్, బెడ్‌ఫర్డ్ వైపు. గ్రీన్ కార్డు చేతిలో ఉండి, ఉద్యోగం నిజంగానే ఎక్కడినుంచైనా చేసేదై, పిల్లలు చిన్నవాళ్ళైతే వెర్మాంట్. మెయిన్ మాత్రం డాక్టర్లకీ, సముద్రం లేకపోతే ఉండలేం అనేవాళ్ళకీ, అది కూడా వీలైనంతవరకు పోర్ట్‌లాండ్ దగ్గర్లో.

చాలామంది ముందు అడిగేది పన్ను గురించి. న్యూ హాంప్‌షైర్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, సేల్స్ టాక్సూ లేదు. వడ్డీ, డివిడెండ్ల మీద ఒక పన్ను ఉండేది, అది కూడా 2025 జనవరి నుంచి ఎత్తేశారు. వెర్మాంట్‌లో ఆదాయపు పన్ను 3.35 శాతంతో మొదలై 8.75 దాకా పోతుంది, సేల్స్ టాక్స్ 6 శాతం. మెయిన్‌లో ఆదాయపు పన్ను మొదటి మెట్టే 5.8, సేల్స్ టాక్స్ 5.5. ఇంతవరకు చూసి చాలామంది న్యూ హాంప్‌షైర్ అని తేల్చేస్తారు. ఆ రాష్ట్రం మరి బడులు దేనితో నడుపుతుంది? మీ ఇంటి పన్నుతో. వెయ్యికి 20 డాలర్ల రేటున్న ఊళ్ళో 4 లక్షల డాలర్ల ఇల్లు కొంటే ఏడాదికి 8,000 డాలర్లు కట్టాలి, ఉద్యోగం ఉన్నా పోయినా కట్టాలి. ఈ రేటు ఊరు మారితే మారిపోతుంది, బడి నాణ్యతా దానితోపాటే మారుతుంది, కాబట్టి అక్కడ రాష్ట్రాన్ని కాదు, ఊరిని ఎంచుకోవాలి. వెర్మాంట్‌లో కూడా ఇంటి పన్ను తక్కువేం కాదు, 2024లో బడి ఖర్చుల వల్ల బాగా పెరిగి పెద్ద గొడవే అయింది. కాకపోతే అక్కడ సొంత ఇంట్లో ఉండేవాళ్ళకు ఆదాయాన్ని బట్టి కొంత తగ్గింపు ఉంటుంది.

మసాచుసెట్స్ కంపెనీలో పని చేసేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. నాషువాలో ఉండి రోజూ బోస్టన్ వెళ్తే ఆ రోజుల జీతం మీద మసాచుసెట్స్ 5 శాతం పన్ను వేస్తుంది. ఇంట్లో కూర్చుని చేసిన రోజులకు వెయ్యదు. కరోనా సమయంలో ఇంటినుంచి చేసినా కట్టాలని అన్నారు, న్యూ హాంప్‌షైర్ ఏకంగా సుప్రీంకోర్టుకు వెళ్ళింది, 2021 జూన్‌లో కోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు. ఆ తాత్కాలిక నిబంధన తర్వాత పోయింది కానీ, ఆఫీసుకు వెళ్ళిన రోజులు రాసిపెట్టుకోవడం మాత్రం మానకండి.

ఇక అసలు విషయం. పన్ను కంటే నూరు రెట్లు ముఖ్యమైనది, మనవాళ్ళు అక్టోబరులో ఎర్రటి మేపుల్ ఆకులు చూసిన ఉత్సాహంలో మర్చిపోయేది. హెచ్‌1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకు పని చేసే చోటు అంటే కంపెనీ ఆఫీసు ఒక్కటే కాదు, ఇంటినుంచి చేస్తే ఆ ఇల్లే. ఇల్లు ఒక మెట్రో ప్రాంతం దాటి, రోజూ వెళ్ళొచ్చే దూరం కూడా దాటి వేరే చోటికి మారితే, కంపెనీ కార్మిక శాఖ దగ్గర కొత్త ఎల్‌సీఏ (ఆ చోటికి తగ్గ జీతం ఇస్తామన్న పత్రం) తీసుకుని వీసా పిటిషన్‌కు అమెండ్‌మెంట్, అంటే మార్పు దరఖాస్తు, వెయ్యాలి. 2015లో సిమెయో సొల్యూషన్స్ కేసు తీర్పుతో ఇది స్పష్టమైపోయింది. గ్రీన్ కార్డు కోసం పెర్మ్ (కార్మిక శాఖ అనుమతి) అయిపోయి ఉంటే అది కూడా పని చేసే ప్రాంతానికి ముడిపడి ఉంటుంది, చోటు మారితే మళ్ళీ మొదటినుంచి చేయించాల్సి రావచ్చు. కొన్ని కంపెనీలు ఈ ఖర్చుకు, తలనొప్పికి ఒప్పుకోవు. అది ముందు తెలుసుకోవాలి.

అంతకంటే పెద్ద టెన్షన్ ఉద్యోగం పోతే. ఆ తర్వాత ఈ దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్. ఆ రెండు నెలల్లో ఇంకో స్పాన్సర్‌ను వెతకాలి. నాషువాలో ఉంటే బోస్టన్ 45 మైళ్ళు, మధ్యలో బోస్టన్ చుట్టూ తిరిగే రూట్ 128 రోడ్డు పొడవునా కంపెనీలు, ఇల్లు కదల్చకుండానే ఆఫీసుకు వెళ్ళే ఉద్యోగం పట్టుకోవచ్చు. వెర్మాంట్‌లోని బర్లింగ్టన్‌లో ఉంటే? పక్కనే ఎసెక్స్ జంక్షన్‌లో గ్లోబల్‌ఫౌండ్రీస్ చిప్ ఫ్యాక్టరీ ఉంది, ఒకప్పుడు ఐబీఎంది, 2015లో చేతులు మారింది. యూనివర్సిటీ ఉంది, దాని ఆసుపత్రి ఉంది. ఆ మూడూ కాదంటే సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌1బీ ఇచ్చే పెద్ద కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మెయిన్‌లోని బ్యాంగర్‌లో ఉంటే ఇంకా కష్టం, అక్కడినుంచి బోస్టన్ నాలుగు గంటలు. మళ్ళీ రిమోట్ ఉద్యోగమే దొరుకుతుందన్న ధైర్యంతో ముప్పై ఏళ్ళ లోన్ నెత్తిన పెట్టుకుని 60 రోజుల గడువులో ఇల్లు అమ్మకానికి పెట్టే పరిస్థితి మీ పిల్లలకు చూపించకండి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే, వేరే ఏ లెక్కా దీని ముందు నిలబడదు.

గ్రీన్ కార్డు ఉంటే కథ వేరు. అప్పుడు నేను నిజంగా వెర్మాంట్ వైపే మొగ్గుతాను. 2020 జనగణన ప్రకారం అమెరికాలో పల్లెల్లో ఉండే జనం వాటా ఎక్కువున్న రాష్ట్రం అదే, దాదాపు 65 శాతం, మెయిన్ దాని తర్వాత. రాష్ట్ర జనాభా మొత్తం కలిపి ఆరున్నర లక్షలు, అంటే మన వరంగల్ నగరం కంటే తక్కువే. రోడ్డు పక్కన హోర్డింగులు 1968లోనే నిషేధించారు, డ్రైవ్ చేస్తుంటే కళ్ళకు ఆ తేడా తెలుస్తుంది. మూడేళ్ళు దాటిన పిల్లలకు ఏడాదిలో 35 వారాలు, వారానికి 10 గంటలు ప్రీస్కూల్ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. డే కేర్ ఖర్చులో సాయం మధ్యతరగతి దాకా పెంచుతూ 2023లో చట్టం చేశారు, దానికోసం జీతాల మీద 0.44 శాతం పన్ను పెట్టారు. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటికి డే కేర్ బిల్లు ఎంతో తెలిసినవాళ్ళు ఆదాయపు పన్ను గురించి తర్వాత మాట్లాడతారు. ప్రభుత్వ బడుల్లో పిల్లలందరికీ పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం ఉచితం. ఇది మెయిన్‌లో కూడా ఉంది, న్యూ హాంప్‌షైర్‌లో లేదు.

వెర్మాంట్‌కు వస్తే డబ్బులిస్తారట కదా అని కూడా అడుగుతుంటారు. 2019లో రిమోట్ ఉద్యోగులకు రెండేళ్ళలో 10,000 డాలర్ల దాకా ఇచ్చిన మాట నిజం. కేటాయించిన నిధులు అయిపోగానే ఆగిపోయింది, తర్వాత వేరే రూపంలో మళ్ళీ పెట్టారు. దాన్ని నమ్ముకుని మాత్రం రావద్దు, వస్తే మంచిది, అంతే. వెర్మాంట్‌లో అసలు కష్టం ఇళ్ళు లేకపోవడం. అమ్మకానికి వచ్చేవే తక్కువ, వచ్చినవాటిలో చాలా నదుల పక్కనే. అక్కడ ఊళ్ళన్నీ కొండల మధ్య లోయల్లో నది ఒడ్డున కట్టుకున్నవే, 2011లో ఐరీన్ తుఫాను, 2023 జులైలో రాజధాని మాంట్‌పీలియర్ నడిబొడ్డు మునిగింది, సరిగ్గా ఏడాదికి 2024 జులైలో మళ్ళీ రాష్ట్రంలో వరదలు. ఇల్లు ఎంత అందంగా ఉన్నా ఫీమా (ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద మ్యాపు చూడకుండా ఆఫర్ పెట్టకండి.

మార్చిలో చూడండి వెర్మాంట్‌ని. రాష్ట్రంలో సగానికి పైగా రోడ్లు మట్టివే. మంచు కరిగేటప్పుడు చక్రాలు ఇరుసు దాకా దిగబడతాయి, స్కూల్ బస్సులు కూడా కొన్ని దారుల్లోకి రావు. మన ఉగాది సరిగ్గా ఆ బురదలోనే వస్తుంది. అక్టోబరులో ఇల్లు చూసి నచ్చితే సరే, అదే ఇంటికి మార్చిలో ఇంకోసారి వెళ్ళి రండి, లేదా ఒక చలికాలం అద్దెకుండి చూడండి.

ఇల్లు అంటే గుర్తొచ్చింది, ఈ మూడు రాష్ట్రాల్లోనూ పల్లె ఇల్లు అంటే న్యూజెర్సీలోని మన ఎడిసన్ అపార్ట్‌మెంట్ లాంటిది కాదు. నీళ్ళు సొంత బోరువి, డ్రైనేజీ సెప్టిక్ ట్యాంకు, చలికి ఆయిల్ ఫర్నెస్. మెయిన్‌లో సగానికి పైగా ఇళ్ళు హీటింగ్ ఆయిల్ మీదే నడుస్తాయి, నూనె ధర పెరిగిన ఏడాది బిల్లు చూస్తే గుండె జారుతుంది, అందుకే చాలామంది హీట్ పంపులకు మారుతున్నారు. కరెంటు పోతే బోరు మోటారు ఆగుతుంది, కుళాయిలో నీళ్ళు ఆగుతాయి. మెయిన్‌లో దాదాపు తొంభై శాతం అడవే కాబట్టి గాలివానకు చెట్లు తీగల మీద పడి కరెంటు పోవడం మామూలే, జనరేటర్ ఖర్చు ఇంటి ధరలోనే కలిపి చూసుకోవాలి. ఇంకో ముఖ్యమైన మాట: న్యూ హాంప్‌షైర్, మెయిన్ బోరు నీళ్ళలో రాతిపొరల వల్ల ఆర్సెనిక్ అనే విషం ఉండే అవకాశం ఎక్కువ. రంగు ఉండదు, రుచి ఉండదు. కొనేముందు ఆర్సెనిక్, రాడాన్ (రేడియోధార్మిక వాయువు), పీఫాస్ (ఎన్నాళ్ళైనా కరగని రసాయనాలు) మూడింటికీ పరీక్ష చేయించండి, ఏజెంటు అక్కర్లేదన్నా చేయించండి. ఇంటర్నెట్ కూడా అంతే. ఆ ఊళ్ళో ఫైబర్ ఉందట అంటే చాలదు, ఆ అడ్రసుకు లైను ఉందా అని కంపెనీని అడగండి, రాత్రి హైదరాబాద్ టీంతో కాల్ మధ్యలో తెగిపోతుంటే రిమోట్ ఉద్యోగం ఎన్నాళ్ళో నిలవదు.

మెయిన్ గురించి తక్కువ చెప్తున్నానని కాదు. సముద్రతీరం, అకేడియా పార్కు, పోర్ట్‌లాండ్ ఊరు, అవి నిజంగానే వేరే స్థాయి. పోర్ట్‌లాండ్ నుంచి బోస్టన్‌కు డౌన్‌ఈస్టర్ రైలు ఉంది, కారులో రెండు గంటలు. కానీ పైకి వెళ్ళేకొద్దీ అన్నీ దూరమే. డిసెంబరులో బ్యాంగర్‌లో నాలుగు కొట్టకముందే పొద్దు గుంకుతుంది, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆ చీకటిని తట్టుకోలేరు, వాళ్ళను మే తర్వాతే రప్పించండి. చిన్న ఊళ్ళ ఆసుపత్రులు కొన్నేళ్ళుగా ప్రసూతి వార్డులు మూసేస్తున్నాయి, బిడ్డను కనాలనుకునే వయసులో ఉన్నవాళ్ళు ఆసుపత్రి ఎన్ని మైళ్ళో, మంచులో ఎంతసేపు పడుతుందో లెక్కేసుకోవాలి. డాక్టర్లకు మాత్రం ఇదే అవకాశం. జే1 వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) చేసినవాళ్ళు డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్ళు పని చేస్తే ఇండియా వెళ్ళి రెండేళ్ళు ఉండాలన్న షరతు నుంచి మినహాయింపు దొరుకుతుంది, కాన్రాడ్ పథకం కింద ప్రతి రాష్ట్రానికీ ఏడాదికి 30 చోట్లు. ఆ దారిలో వెళ్తున్నవాళ్ళు మెయిన్‌ని తప్పక చూడాలి.

గుడి, సరుకులు, మన మనుషులు. నాషువాలో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి, బోస్టన్ దగ్గరి ఆష్‌లాండ్ లక్ష్మీ గుడి గంట ప్రయాణం, గ్రేటర్ బోస్టన్ తెలుగు సంఘం ఉగాదికి పిల్లలతో వెళ్ళి రాత్రికి ఇంటికి వచ్చెయ్యొచ్చు. పోర్ట్‌లాండ్ నుంచి ఆ గుడికి రెండు గంటలు, బర్లింగ్టన్ నుంచి మూడున్నర. బర్లింగ్టన్ వైపు భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి పప్పులు, మసాలాలకు ఇబ్బంది లేదు. మాంట్రియల్ రెండు గంటలే, గ్రీన్ కార్డు ఉంటే కెనడా వీసా అక్కర్లేదు, హెచ్‌1బీ అయితే కావాలి. కానీ వెర్మాంట్, మెయిన్ పల్లెల్లో మీ పాపే క్లాసులో ఏకైక ఇండియన్ పిల్ల కావచ్చు. పక్కింటివాళ్ళు మంచివాళ్ళే, మంచు పడితే అడగకుండానే వచ్చి మీ డ్రైవ్‌వే మీద మంచు తోసి వెళ్తారు. అయినా ఇంట్లో తెలుగు మాట్లాడే పని మొత్తం మీ ఇద్దరి మీదే పడుతుంది, వారాంతం క్లాసులు, దోస్తులు ఆ భారం పంచుకోరు. పిల్లలు పదేళ్ళు దాటినవాళ్ళైతే ఈ ఒక్క కారణానికే నేను వెర్మాంట్ వద్దంటాను.

న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే లెబనాన్, హనోవర్ వైపు ఒకసారి వెళ్ళి చూడండి, కనెక్టికట్ నదికి ఇటు న్యూ హాంప్‌షైర్, అటు వెర్మాంట్. డార్ట్‌మత్ కాలేజీ, దాని పెద్ద ఆసుపత్రి అక్కడే, బోస్టన్ లోగన్ విమానాశ్రయానికి నేరుగా బస్సు. నది అవతల నార్విచ్ పిల్లలు ఇవతల హనోవర్ హైస్కూలుకే వస్తారు, 1963లో రెండు రాష్ట్రాలు కలిపి పెట్టుకున్న బడి జిల్లా అది. ఇళ్ళ ధరలు మాత్రం పల్లె ధరలు కావు.

ఎటు వెళ్ళినా హెచ్‌1బీ వాళ్ళు ముందు హెచ్‌ఆర్‌కు, కంపెనీ లాయరుకు కొత్త అడ్రసు మెయిల్‌లో రాసి, రాతపూర్వకంగా సరే అనిపించుకోండి. అమెండ్‌మెంట్ ఫైల్ అయితే చాలు, అప్రూవల్ దాకా ఆగక్కర్లేదు. ఆ రసీదు నంబరు వచ్చాక ట్రక్కు బుక్ చేసుకోండి.