ఒకే కొటేషన్‌లో రూపాయి, డాలరు, యూరో: ఈఆర్‌పీనెక్స్ట్ మూడేళ్లు వాడాక

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ స్లాబులు యూరప్‌కు పంపే కొటేషన్‌లో మూడు కరెన్సీలు కలుస్తాయి. రాయి, పాలిష్, చెక్క క్రేట్లు రూపాయల్లో, ఓడ ఫ్రైట్ (రవాణా ఖర్చు) డాలర్లలో, పార్టీ (కొనేవాళ్లు) అడిగే ధర యూరోల్లో. ఈ పనికి ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్‌ని మూడేళ్లుగా వాడుతున్నాం. దాని లెక్క నమ్మొచ్చు. కొటేషన్ ఫారం మాత్రం ఉన్నది ఉన్నట్టుగా వాడితే చాలదు.

కొటేషన్ మొత్తానికి ఒకటే కరెన్సీ, ఒకటే మారకం రేటు. ఐటమ్ వరుసలో కరెన్సీ గడి లేదు. ప్రైస్ లిస్ట్ రూపాయల్లో ఉన్నా ఇబ్బంది లేదు, కొటేషన్ కరెన్సీలోకి అదే మార్చుకుంటుంది. చదరపు మీటరు 2,760 రూపాయలు, యూరో 92 అనుకుంటే వరుసలో 30 యూరోలు వస్తుంది. చిక్కంతా ఫ్రైట్ దగ్గరే. ఓడ రవాణా కుదిర్చే ఫార్వర్డర్ 1,900 డాలర్లని మెయిల్ పెడతాడు. హడావుడిలో ఆ 1,900నే రేటు గడిలో కొడితే అవి యూరోలైపోతాయి. డాలరు 84 అయితే రావాల్సింది 1,734.78. కంటెయినర్‌కు 15,200 రూపాయలు ఎక్కువ చెప్పినట్టు. ఇంతకంటే తక్కువ తేడాకే ఆర్డర్లు చేజారతాయి.

మేం చేసుకున్న అమరిక ఇది. ఫారాలకు గడులు కలిపే కస్టమైజ్ ఫారంలో కొటేషన్ ఐటమ్ తెరిచి మూడు గడులు కలిపాం: మూల కరెన్సీ (లింక్ రకం, అంటే జాబితా నుంచి ఎంచుకునేది), మూల ధర (ఫ్లోట్, అంటే దశాంశ సంఖ్య), ఆ కరెన్సీకి రూపాయి రేటు (ఫ్లోట్, నాలుగు దశాంశాలు). ఒక చిన్న క్లయింట్ స్క్రిప్ట్ (ఫారం తెరిచినప్పుడు బ్రౌజర్‌లో నడిచే కోడ్) మూల ధరను రూపాయి రేటుతో గుణించి, కొటేషన్ మారకం రేటుతో భాగించి, రేటు గడిలో వేస్తుంది. మూడింటికీ ప్రింట్ హైడ్ టిక్ పెట్టాలి, లేకపోతే మన ఫ్రైట్ ఖర్చు పార్టీ కంటపడుతుంది. ఇదే పేర్లతో గడులు సేల్స్ ఆర్డర్ ఐటమ్‌లోనూ కలిపితే కొటేషన్ నుంచి ఆర్డరు చేసేటప్పుడు వాటంతటవే వచ్చేస్తాయి. ఫ్రైట్‌ను స్టాక్ లేని ఐటమ్‌గా పెట్టి, ప్రైస్ లిస్ట్‌లో దానికి ధర వేయకుండా వదలండి.

స్క్రిప్ట్ రాసేవాళ్లు ఒకటి మర్చిపోతుంటారు. వరుస మార్చినప్పుడే కాదు, పైన కొటేషన్ మారకం రేటు మారినా అది మళ్లీ నడవాలి. లేకపోతే రాయి ధర కొత్త రేటుకు మారుతుంది, ఫ్రైట్ పాత అంకె మీదే నిలబడిపోతుంది. మొత్తం చూస్తే అనుమానమే రాదు.

అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది మారకం రేట్లు ఎక్కించే కరెన్సీ ఎక్స్ఛేంజ్ రికార్డు. అందులో ఫర్ బయింగ్, ఫర్ సెల్లింగ్ అని రెండు టిక్కులుంటాయి. బ్యాంకు ఇచ్చే టీటీ (టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్) బయింగ్ రేటును ఫర్ బయింగ్‌లో వేయాలనిపిస్తుంది. అది తప్పు. బ్యాంకు కొనడమంటే మనం అమ్మడం. పార్టీ పంపిన యూరోలను బ్యాంకు టీటీ బయింగ్ రేటుకే తీసుకుంటుంది కాబట్టి, అది ఫర్ సెల్లింగ్ కింద ఉండాలి. ఫ్రైట్ డాలర్లు మనం కొని కట్టాలి, వాటికి టీటీ సెల్లింగ్ రేటు. అందుకే ఫ్రైట్ వరుసలో రూపాయి రేటు గడిని చేత్తో నింపుతాం. రెండిటికీ ఒకే మధ్య రేటు వాడితే అటూ ఇటూ కొంత నష్టపోతాం.

అకౌంట్స్ సెట్టింగ్స్‌లో స్టేల్ (పాతబడిన) రేట్లను అనుమతించే టిక్ తీసేసి, స్టేల్ డేస్ 1 పెట్టండి. పాత రేటు ఆ తర్వాత పనికిరాదు. అయితే ఆ రోజు రికార్డు వేయకపోతే సాఫ్ట్‌వేర్ నెట్ నుంచి రేటు తెచ్చుకుంటుంది, అది బ్యాంకు రేటు కాదు. రోజూ పొద్దున రేట్లు ఎక్కించే పని ఒకరికి అప్పగించాల్సిందే. కొటేషన్ తేదీ మార్చినా రేటు మారుతుంది కనుక, పాత కొటేషన్‌ను కాపీ కొట్టి కొత్తది చేసేటప్పుడు మారకం గడి చూడకుండా సబ్మిట్ చేయొద్దు.

నెల్లూరు వైపు రొయ్యల ఎగుమతిదార్లకు సరుకూ ఫ్రైటూ రెండూ డాలర్లలోనే ఉంటే ఈ గడులేవీ అక్కర్లేదు, మామూలు ఫారం సరిపోతుంది. గ్రానైట్ వాళ్లు మాత్రం వ్యాలిడ్ టిల్ (కొటేషన్ చెల్లే చివరి) తేదీని ఫార్వర్డర్ ఇచ్చిన గడువు దాటనీయొద్దు. మేం వారం పెడుతున్నాం.