ఏది మేలు: కోటిపల్లి బస్టాండు దాకా నేరుగా బస్సా, మోరంపూడి దాకా బస్సా?

రాజమహేంద్రవరానికి కూతవేటు దూరమే అయినా, కడియం వైపు కాలువ గట్టు వెంబడి లోపలికి ఉన్న మా ఊరికి నగరం నడిబొడ్డు నుంచి వచ్చే పల్లెవెలుగు బస్సు ఆగిపోయి చాలా కాలమైంది. దాన్ని మళ్లీ వేయించాలన్న విషయంలో ఊరంతా ఒక్క మాట మీదే ఉన్నారు గానీ, ఎక్కడి దాకా వేయించాలన్న దగ్గర మాట రెండుగా చీలింది. పాత దారిలోనే వేమగిరి, ధవళేశ్వరం మీదుగా నగరంలోని కోటిపల్లి బస్టాండు వరకు నడపాలని కొందరు, జాతీయ రహదారి మీద మోరంపూడి కూడలి వరకు నడిపి ట్రిప్పులు పెంచితే చాలునని మరికొందరు అంటున్నారు.

రెండో వాదన తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. ఒకే బస్సు కేటాయిస్తారనుకుందాం. ధవళేశ్వరం దాటాక ఇరుకు రోడ్లలో జరిగే ఆలస్యంతో కలిపి కోటిపల్లి బస్టాండుకు పోయి రావడానికి రెండు గంటలు పట్టేటట్లయితే, రోజుకు 14 గంటలు తిప్పినా 7 ట్రిప్పులే అవుతాయి. మోరంపూడికి గంటలో పోయి రాగలిగితే అదే బస్సు 14 ట్రిప్పులు తిరుగుతుంది. కాగితం మీద చూస్తే రెట్టింపు లాభం. కానీ పల్లెలో ఎవరూ ఊరికే వచ్చి బస్సు కోసం నిలబడరు, టైము తెలుసుకునే ఇంటి నుంచి బయలుదేరతారు. కాబట్టి మాకు ట్రిప్పుల లెక్క కన్నా, చెప్పిన వేళకు బస్సు రావడమే ముఖ్యం.

పైగా మోరంపూడిలో దిగినంత మాత్రాన ప్రయాణం పూర్తి కాదు. మెయిన్ రోడ్డులో కొనుగోళ్లకు పోయేవారైనా, గోదావరి గట్టుకు పోయేవారైనా అక్కడి నుంచి మళ్లీ ఆటో ఎక్కవలసిందే. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆ ఉచితం బస్సు దిగిన చోటే ఆగిపోతుంది, ఆటోకు వర్తించదు. మా వీధిలో ఒకావిడ తెల్లవారకముందే కోసిన కాగడా మల్లె మొగ్గలకు తడిగుడ్డ చుట్టి, బుట్టలో సర్దుకుని నగరంలో అమ్మకానికి తీసుకువెళుతుంది. బస్సులో ఆ బుట్ట డ్రైవరు వెనక ఖాళీలో ఒదిగిపోయేది. ఇప్పుడు ఆటోలో బుట్టకు కూడా ఒక మనిషి చార్జీ తీసుకుంటున్నారు. మోరంపూడి పద్ధతి వస్తే ఆమె ఆ బుట్టను ఒకసారి దింపి, ఎండలో రోడ్డు దాటి, మరో బండిలోకి ఎత్తుకోవాలి. మధ్యలో పట్టే పావుగంట పెద్ద సేపు కాకపోవచ్చు గానీ, మొగ్గ విచ్చుకుంటే ధర పడిపోయే సరుకుకు ఆ పావుగంటా బరువే. మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రికి పోయే పెద్దవాళ్ల విషయం వేరే చెప్పనక్కరలేదు.

సర్వీసు ఆటోలు ఉన్నాయి కదా, బస్సెందుకు అనేవారూ ఉన్నారు. పగటిపూట అవి ఆదుకుంటున్న మాట నిజమే. కానీ ఆటో నిండితే గాని కదలదు, చీకటి పడితే మా ఊరి మలుపు తిరగదు.

అందువల్ల నేరుగా పోయే బస్సే మేలని నా గట్టి అభిప్రాయం. అయితే పాత సర్వీసును ఉన్నదున్నట్టు తెస్తే మళ్లీ అదే గతి పడుతుంది. అది మధ్యాహ్నం ఖాళీగా తిరిగేది, కాలేజీ పిల్లలకు కావలసిన వేళకు మాత్రం వచ్చేది కాదు. ఖాళీ సీట్లతో తిరిగిన ట్రిప్పు డీజిలు ఖర్చుకు కూడా చాలదు, ఆ నష్టాన్ని చూపించి సర్వీసులు ఎత్తేస్తారు. తీసేసిన దారి తిరిగి రావడం ఎంత కష్టమో ఈ ప్రాంతానికి తెలుసు: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేసిన కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం 2004లో గాని మళ్లీ రాలేదు.

మధ్యాహ్నపు రెండు ట్రిప్పులు వదులుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాము. వాటికి బదులుగా పూలబుట్టలకు అందేటట్టు ఉదయం ఐదున్నరకు ఒకటి, కాలేజీలకు ఏడున్నరకు ఒకటి, అంగళ్లలో పనిచేసే ఆడపిల్లలు ఇంటికి చేరడానికి రాత్రి తొమ్మిదింటికి కోటిపల్లి బస్టాండులో బయలుదేరేది ఒకటి ఉండాలి. ఆ చివరి బస్సు ఊళ్లోనే రాత్రి ఆగితే మర్నాటి మొదటి ట్రిప్పు కూడా అదే అవుతుంది. డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి పంచాయతీ కార్యాలయం పక్క గది ఇవ్వడానికి మా ఊళ్లో పెద్దలు ఒప్పుకున్నారు.