ఒకే మనిషి, రెండు గొంతులు: ది డి.ఓ.సి. ఆల్బమ్‌లు రెండూ వెంటవెంటనే విన్నాక

ర్యాప్‌లో లిరిక్స్ బాగుంటే చాలు, గొంతుదేముంది అనేవాళ్లతో వాదించి వాదించి విసుగొచ్చింది. అందుకే ఈసారి వాదన మానేసి రెండు ఆల్బమ్‌లు పక్కపక్కన పెట్టి రివ్యూ రాస్తున్నా. రెండూ ది డి.ఓ.సి. అనే అమెరికన్ ర్యాపర్‌వే. ఒకటి 1989లో వచ్చిన 'నో వన్ కెన్ డూ ఇట్ బెటర్', రెండోది 1996 నాటి 'హెల్టర్ స్కెల్టర్'. మధ్యలో ఏం జరిగిందో తెలియనివాళ్లకి వినిపిస్తే ఇద్దరు వేర్వేరు మనుషులనే అనుకుంటారు.

జరిగింది ఇదీ. డాలస్ నుంచి లాస్ ఏంజిలస్ వచ్చిన కుర్రాడు, ఎన్.డబ్ల్యూ.ఎ. అనే ర్యాప్ బృందానికి మాటలు రాసిపెడుతూనే, అందులోని డాక్టర్ డ్రే ప్రొడక్షన్‌లో సొంత ఆల్బమ్ తెచ్చాడు, అది బాగా ఆడింది. కొన్ని నెలలకే, 1989 నవంబర్‌లో, కారు ప్రమాదం. సీటు బెల్టు పెట్టుకోలేదు, కార్లోంచి బయటికి ఎగిరిపడ్డాడు. ప్రాణం దక్కింది గానీ స్వరపేటిక పాడైంది. అప్పటికి వయసు 21.

ముందు మొదటి ఆల్బమ్ సంగతి. నిజం చెప్పాలంటే ఇందులో చెప్పిన విషయం పెద్దగా ఏం లేదు. నేను గొప్ప, నాకంటే గొప్పోడు లేడు, నా రైమ్ చూడు, నా బీట్ చూడు, దాదాపు అంతా ఇదే. కాగితం మీద చదివితే రెండో పేజీకి ఆవలింతలు వస్తాయి. కానీ మొదటి పాట 'ఇట్స్ ఫంకీ ఎనఫ్' మొదలవగానే ఆ గొంతు, కొంచెం జమైకా యాసలోకి ఒరిగి, లైన్ చివర్న మాటని నొక్కి వదిలేసే పద్ధతి వింటుంటే ఏం చెబుతున్నాడు అన్న ప్రశ్నే రాదు. నేను మొదటిసారి విన్నప్పుడు సగం మాటలు నాకు అర్థం కాలేదు, అయినా వరుసగా నాలుగుసార్లు విన్నా. తర్వాత 'ది ఫార్ములా'లో అదే మనిషి తాపీగా, కుర్చీలో వెనక్కి వాలి మాట్లాడుతున్నట్టు ఉంటాడు, 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ మాస్టర్‌పీస్'కి వచ్చేసరికి ఊపిరి సలపనంత స్పీడు, కానీ ఒక్క అక్షరం పొల్లుపోదు. స్పీడుగా పాడేవాళ్లు చాలామంది ఉన్నారు లెండి, స్పీడులో కూడా గొంతు పైకీ కిందికీ కదిలేవాళ్లే తక్కువ. ఇతను కదుపుతాడు. మధ్యలో వచ్చే స్కిట్లు దాటేసినా నష్టం లేదు.

ఇక 'హెల్టర్ స్కెల్టర్'. ఏడేళ్ల తర్వాత, డ్రే లేకుండా చేసిన ఆల్బమ్. బీట్లు మరీ తీసిపారేసేవేం కాదు. ప్లే చేయగానే వినిపించేది మాత్రం ఒక జీర, గట్టిగా గుసగుసలాడితే ఎలా ఉంటుందో అలా. మొదటి రెండు పాటలు మనసు పిండేసినట్టు ఉంటుంది, ఆ తర్వాత (చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది) అలసట వస్తుంది. ఎందుకా అని మళ్లీ మళ్లీ విన్నా. బొంగురుదనం ఒక్కటే కారణం కాదు, డి.ఎం.ఎక్స్. అనే ఇంకో ర్యాపర్‌ది కూడా గరగరలాడే గొంతే, దాని మీదే లక్షల మందిని ఊపేశాడు. ఆయన గరగర వెనక బలంగా తోసే ఊపిరి ఉంది, ఇక్కడ ఆ ఊపిరి సగం దారిలోనే జారిపోతోంది. పైస్థాయికి వెళ్లలేడు, కిందికి దిగలేడు, కోపం వచ్చినా జోక్ వేసినా ఒకటే గీత మీద నడుస్తాడు. ఒక మాటని నొక్కాలంటే మిగతా మాటల్ని తేలిక చేయాలి కదా, అన్నిటికీ బలమంతా పెట్టాల్సి వస్తే ఇక నొక్కడానికి ఏం మిగులుతుంది? నాకైతే ఒక్క పంచ్ కూడా పంచ్‌లా తగల్లేదు, రాత మాత్రం మొదటి ఆల్బమ్‌కంటే బరువుగా, అనుభవంతో ఉన్నా సరే.

ఇక్కడే ఒక అనుమానం వస్తుంది, దెబ్బ తగిలితే అందరికీ ఇలాగే అవుతుందా అని. కాదు. ర్యాపర్ కాన్యే వెస్ట్ 2002లో ప్రమాదం జరిగాక దవడకి వైర్లు కట్టి ఉండగానే పాట రికార్డ్ చేశాడు, మాటలు పళ్ల మధ్య నలిగిపోతుంటాయి, అయినా ఆ పాట పేరు తెచ్చింది. 50 సెంట్ అనే ర్యాపర్‌కి 2000లో తగిలిన తూటాల్లో ఒకటి ముఖంలోకి వెళ్లింది, అప్పట్నుంచి మాట కాస్త ముద్దగా వస్తుంది, 2003లో ఆ ముద్ద మాటతోనే పెద్ద స్టార్ అయ్యాడు. ఆ ఇద్దరికీ చెడింది ఉచ్చారణ, స్వరపేటిక బాగానే ఉంది. డి.ఓ.సి.కి పోయింది నాదమే. నా లెక్క ఏంటంటే, మాట నలిగినా మనం సర్దుకుంటాం, నాదం పోతే సర్దుకోలేం. 'గ్యాంగ్ స్టార్' అనే ర్యాప్ జోడీలోని గురు ఎత్తుపల్లాలు లేకుండా ఒకే స్థాయిలో చెబుతాడు, అయినా బోర్ కొట్టదు, ఎందుకంటే ఆ నాదమే అంత బాగుంటుంది. 1994లో ఆయన ఏకంగా గొంతే ముఖ్యం అనే అర్థం వచ్చే పేరుతో ఒక పాటే పెట్టాడు. కంచులాంటి గొంతు ఉన్నోడు ఆ మాట అనడం సులువే అనుకోండి!

లిరిక్సే ముఖ్యం అనేవాళ్లు ఒకటి గమనించాలి. 1992లో డ్రే తెచ్చిన 'ది క్రానిక్' రాతలో డి.ఓ.సి. చెయ్యి ఉంది. గొంతు పోయాక రాసిన మాటలవి. డ్రే నోట్లోంచి వస్తే జనం ఎగబడి విన్నారు. కలం మారలేదు మరి.

నా మార్కులు: మొదటిదానికి అయిదుకి నాలుగున్నర, రెండోదానికి రెండున్నర. ఆ అర మార్కు జాలితో వేసింది కాదు, 'ఫ్రమ్ రూత్‌లెస్ టు డెత్ రో' అనే పాటకి వేసింది (రూత్‌లెస్, డెత్ రో రెండూ రికార్డు కంపెనీల పేర్లు). అందులో తన ప్రయాణం తనే చెప్పుకుంటాడు, ప్రాసలతో ఫీట్లు చేయాలన్న ఆరాటం ఉండదు, కూర్చోబెట్టి జరిగింది చెబుతున్నట్టు సాగుతుంది. ఆ నెమ్మదిలో ఆ గొంతు ఇబ్బంది పెట్టలేదు. ఆల్బమ్ మొత్తం ఇలా చేసుంటే ఈ రివ్యూ వేరేలా ఉండేదేమో. కొత్తగా వినేవాళ్లు 1989దే ముందు వినండి. రెండోది హెడ్‌ఫోన్స్‌లో వద్దు, స్పీకర్‌లో పెట్టుకోండి, హెడ్‌ఫోన్స్‌లో అయితే ప్రతి లైన్ ముందూ ఆయన ఊపిరి కూడగట్టుకోవడం మరీ చెవి పక్కనే వినిపిస్తుంది.