కటాన్: ఏళ్ల తరబడి ఆడాక, రూల్ పుస్తకంలో లేని రూల్స్ గురించి

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు కటాన్‌వే. క్లాస్ టాయ్‌బర్ తయారుచేసిన ఈ జర్మన్ ఆట 1995లో వచ్చింది. పాచికలు వేసి ఇటుక, కలప, గొర్రె, గోధుమ, రాయి కార్డులు సంపాదించి, వాటితో బోర్డు మీద రోడ్లు, సెటిల్‌మెంట్లు (ఊళ్లు), సిటీలు కట్టుకుంటూ ముందుగా 10 పాయింట్లు చేసినవాళ్లు గెలుస్తారు. బోర్డు అందం గురించి, పాచికల అదృష్టం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇన్నేళ్లు ఆడాక నాకు తేలింది ఒకటే: ఈ ఆట రక్తి కట్టేదీ, రచ్చ అయ్యేదీ పుస్తకంలో రాయని పద్ధతుల దగ్గరే. వాటిని ముందే మాట్లాడుకోగలిగినవాళ్లకు దీన్ని కళ్లు మూసుకుని కొనమంటాను.

వేసిన ఎత్తు వెనక్కి తీసుకోవడంతోనే మాకు మొదటి పేచీ వచ్చింది. చెస్ గ్రాండ్‌మాస్టర్లు పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక పుట్టిన ఊరు మాది. మా ఇంట్లోనూ చెస్ నేర్చుకున్న పిల్లలున్నారు. చెస్‌లో టచ్ మూవ్ రాసిపెట్టిన నియమం, ముట్టుకున్న పావును కదపాల్సిందే. పిల్లలు ఇక్కడా అదే పట్టు పట్టారు. రోడ్డు ముక్క బోర్డు మీద పెడితే అయిపోయినట్టేనన్నారు. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి కుదిరిన పద్ధతి ఇది: పాచికలు పక్కవాళ్ల చేతికి వెళ్లేదాకా రోడ్డు మార్చుకోవచ్చు, కానీ ఈలోపు కొత్త సంగతి ఏదైనా బయటపడితే కుదరదు. రోడ్డు వేసి, ఆపైన మూసి ఉన్న కట్టలోంచి డెవలప్‌మెంట్ కార్డు కొని చూశాక 'ఆ రోడ్డు వద్దులే, ఇటుకా కలపా ఇచ్చేయ్' అంటే చెల్లదు. ఇది పెట్టుకున్నాక ఆ గొడవ మళ్లీ రాలేదు.

ఇచ్చిన మాట సంగతి ఇంత తేలిక కాదు. 'ఇప్పుడు ఇటుక ఇవ్వు, రెండు రౌండ్లు నీ మీద దొంగను పెట్టను' అంటారు. దొంగ ఒక బొమ్మ, 7 పడినవాళ్లు దాన్ని ఎవరి స్థలం మీద పెడితే వాళ్లకు అక్కడి రాబడి ఆగిపోతుంది. తర్వాతి రౌండులోనే మాట ఇచ్చినవాళ్లకు 7 పడుతుంది. రెండు పాచికల 36 కలయికల్లో 7 వచ్చేవి 6, అన్నిటికన్నా ఎక్కువ. మరి ఆ మాటకు కట్టుబడాలా? 1959లో వచ్చిన డిప్లొమసీ ఆటలో ఈ విషయం మొదటే తేల్చేశారు, అక్కడ ఆడినమాట తప్పడం కూడా ఆటే. కటాన్ పుస్తకంలో నాకు అంత స్పష్టమైన మాట దొరకలేదు. మా పద్ధతిలో అదే వంతులో చేతులు మారేది మాత్రమే బేరం, రేపటి మాటకు పూచీ లేదు. ఈ సంగతి కొత్తగా వచ్చినవాళ్లకు ఆట మొదలవకముందే చెప్పాలి. చెప్పకుండా వాళ్లను నమ్మించి మోసపుచ్చడం మాత్రం నా దృష్టిలో తొండే. పోయిన ఆదివారం మాట తప్పాడని ఈ ఆదివారం పగ తీర్చుకోవడం దానికన్నా చెడ్డది. పోయినసారి ఆట పోయినసారితోనే అయిపోవాలి.

మోనోపలీ కార్డు మీద మాత్రం నేను ఇంట్లో చాలామందితో ఏకీభవించను. ఒకరు తన గొర్రెలన్నీ బేరం పెట్టి గోధుమ, రాయి సంపాదిస్తారు. అదే వంతులో మోనోపలీ వేసి, అందరి చేతుల్లో ఉన్న గొర్రెలూ లాక్కుంటారు. మా తోడికోడలు ఇది అన్యాయమంటుంది. నాకు ఇది శుద్ధమైన ఆట. 25 డెవలప్‌మెంట్ కార్డుల్లో మోనోపలీలు రెండున్నాయని అందరికీ తెలుసు. వాడి ముందు తిరగేసిన కార్డు ఉందనీ కనిపిస్తూనే ఉంది. గొర్రెలు అంత చవగ్గా వస్తున్నప్పుడు అనుమానం రావాలి కదా!

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది, వరసలు. సంక్రాంతికి విజయవాడ నుంచి మా మామయ్యగారు వస్తే ఆయన మీద దొంగను పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. 8 పాయింట్లతో ముందున్నది ఆయనే, దెబ్బ మాత్రం నాలుగు పాయింట్ల పిల్లాడికి. ఇది మర్యాద కాదు, ఆ పిల్లాడికి చేసే అన్యాయం. 'మామయ్యగారూ, మీ గోధుమ మీద పెడుతున్నానండీ' అని చెప్పి మరీ పెట్టాలి. 'పెట్టమ్మా, పెట్టు' అని ఆయనే అంటారు. ఇంకా రెండు పాయింట్ల దగ్గరే ఉన్నవాళ్ల జోలికి మాత్రం మేం వెళ్లం. కొందరి ఇళ్లలో ఇదీ పద్ధతేనట.

ఇన్నేళ్లయినా మాకు తేలనిది ఒకటే. ఇక గెలవలేనని తెలిసినవాడు ఏం చేయాలి? ఉత్తినే కార్డులు ఇవ్వకూడదని రూల్ ఉంది. కానీ ఒక గొర్రెకు నాలుగు గోధుమలిచ్చి బావను గెలిపిస్తే ఆ రూల్ తప్పినట్టు కాదు. మిగతా ఇద్దరూ గంటన్నర పడిన కష్టం మాత్రం గంగపాలు. ఓడిపోయేవాడైనా తన పాయింటు కోసమే ఆడాలని నేనంటాను. మా బావగారు 'కార్డులు నావి, నా ఇష్టం' అంటారు. రాతలో ఉన్నది చూస్తే ఆయనదే పైచేయి. అయినా అలా ముగిసిన రోజు మా ఇంట్లో రెండో ఆట ఎవరూ అడగరు.

కొనేముందు ఇంకొన్ని మాటలు. పెట్టె ముగ్గురికి, నలుగురికి. 5, 6 మంది ఉంటే అదనపు పెట్టె విడిగా కొనాలి. అంతమందితో వంతు రావడానికి చాలాసేపు పడుతుంది, బేరాలు సాగదీసేవాళ్లుంటే మరీను. మే నెలలో ఫ్యాన్ ఆపి ఆడటం గుంటూరులో కుదిరే పని కాదు, పెట్టిన కార్డు పెట్టినచోట ఉండదు. రకానికో స్టీలు గిన్నె పెట్టుకుని కార్డులు అందులో వేయండి.