పెరటి తోటా, చేలో మొలిచే కూరా: ఊరి తిండికి ఏది మేలు?

వానాకాలం దగ్గరపడే కొద్దీ మహిళా సంఘాల నుంచీ, బడిపంతుళ్ల నుంచీ, పల్లెల్లో ఏదైనా చేద్దామనుకునే యువకుల నుంచీ ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఊళ్లో ఇంటింటికీ పెరటి తోట వేయించడం మేలా, లేక ఎవరూ విత్తకుండానే చేలల్లోనూ గట్ల మీదా మొలిచే కూరలను కాపాడుకోవడం మేలా? చేతిలో ఉండే కొద్దిపాటి డబ్బు, నలుగురు మనుషుల ఓపిక ఈ రెండు పనులకూ ఒకేసారి చాలవు కాబట్టి ఏదో ఒకదానితో మొదలుపెట్టక తప్పదు. ఆకుకూర తినడం ఎందుకు మంచిదో అడిగేవారికి తెలుసు. వారికి కావలసింది ఎటు అడుగు వేయాలన్నదే. జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్ర చెలకలూ నల్లరేగళ్లూ కలగలిసిన మెట్ట ఊళ్లను దృష్టిలో పెట్టుకొని ఈ పోలిక రాస్తున్నాను. కాలువ నీరు పారే డెల్టా ఊళ్లకు ఇందులో కొంత వర్తించకపోవచ్చు.

ముందుగా పెరటి తోట. దీనికి అండ బాగా ఉంది. కేంద్రం నడిపే పోషకాహార పథకం పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీల దగ్గర పోషణ వాటికలనే కూరతోటలు వచ్చాయి; ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో పొలంతో పాటు పెరటి తోటకూ చోటు ఉంది. ఆ కార్యక్రమానికి 2024లో అంతర్జాతీయంగా గుల్బెంకియన్ పురస్కారం కూడా దక్కింది. తోటలో ఏది ఎప్పుడు కోతకు వస్తుందో ముందే తెలుస్తుంది, పందిరి మీద బీర, సొర, చిక్కుడు పాకితే ఇంటికి ఆకుతో పాటు కాయా దొరుకుతుంది, చంటిబిడ్డ ఉన్న తల్లి గడప దాటకుండానే పూటకు సరిపడా తోటకూర కోసుకోగలదు. పైగా చేసిన పని కంటికి కనిపిస్తుంది. ఎన్ని ఇళ్లలో మడులు కట్టారో లెక్క పెట్టవచ్చు, ఫొటో తీసి నివేదికలో పెట్టవచ్చు. పెరటి తోటలకు డబ్బు తేలిగ్గా దొరకడంలో ఈ చివరి సుగుణానికి ఉన్న పాత్ర చిన్నదేమీ కాదని నా అనుమానం.

చిక్కల్లా పెరడు ఎవరికి ఉందన్న దగ్గర వస్తుంది. తోటకు మొదట జాగా కావాలి, తరువాత నీళ్లు కావాలి, ఆ తరువాత కాపలా కావాలి. భూమి లేని కూలీల కుటుంబాలు ఉండే కాలనీల్లో రెండు గదుల ఇల్లు దాటితే సిమెంటు రోడ్డే ఉంటుంది. గిన్నెలు కడిగిన నీళ్లు రెండు మడులకు సరిపోతాయని శిక్షణల్లో చెబుతారు, అది వానాకాలంలో నిజమే. ఏప్రిల్, మే నెలల్లో తాగునీటి బిందెల కోసమే వరుస కట్టే ఊళ్లో ఆ మాట చెల్లదు. ఇక కాపలా సంగతి తెలంగాణ పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు: మేకల్ని కంచెతో ఆపవచ్చు గానీ కోతుల్ని ఆపలేము. విత్తనం మరో బెడద. పొట్లాల్లో పంచేవాటిలో హైబ్రిడ్ రకాలుంటే, వాటి నుంచి తీసిన గింజ మరుసటి ఏడు అదే కాపు ఇవ్వదు. పంచేవాళ్లు రెండో ఏడు రాకపోతే తోట ఎండిపోయిన పందిరిగా మిగులుతుంది.

ఇప్పుడు చేలో మొలిచే కూరల వైపు చూద్దాం. తొలకరి పడిన రెండు మూడు వారాలకు జొన్న, కంది సాళ్ల మధ్య దొగ్గలి, చెంచలి, గునుగు, తుమ్మి, తగిరిస మొలుస్తాయి. తడి నిలిచే చోట పొన్నగంటి అల్లుకుంటుంది, కాస్త ఖాళీ నేల దొరికితే పాయలకూర పరుచుకుంటుంది. కలుపు తీయడానికి వంగిన ఆడమనిషి చేతులు ఏరివేతనూ కోతనూ ఒకే కదలికలో చేస్తాయి: ముదురు మొక్కను వేళ్లతో సహా పీకి గట్టు మీదికి విసురుతుంది, లేతదాని కొసను గోటితో తుంచి ఒడిలో వేసుకుంటుంది. గునుగును వెన్ను తీయకముందే తుంచాలి, తగిరిసను ఆకు లేతగా ముడుచుకొని ఉన్నప్పుడే తీసుకోవాలి, తుమ్మి చేదు కాబట్టి కొంచెమే చాలు. సాయంత్రానికి ఒడిలో అయిదారు రకాలు పోగవుతాయి. అవన్నీ కలిపి తరిగి, పెసరపప్పుతోనో శనగపప్పుతోనో ఉడికించి, వెల్లుల్లి తాలింపు పెడితే జొన్నరొట్టెలోకి కూర సిద్ధం. వినాయక చవితి నాడు తుమ్మికూర వండుకునే ఇళ్లు, బతుకమ్మలో గునుగు పూలు పేర్చే ఇళ్లు తెలంగాణలో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. అదే గునుగు పత్తి చేలో కనబడితే మాత్రం మందు డబ్బా వైపు చెయ్యి పోతుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టేటప్పుడు చాలామంది పోషకాలను తూస్తారు, ఇంకొందరు ఖర్చును తూస్తారు. నా దృష్టిలో తీర్పు తేల్చేది ఈ రెండూ కావు. ఎవరినీ అడగకుండా కోసుకునే వీలు ఎవరికి ఉందన్నదే. మెట్ట ఊళ్లలో పాత వాడుక ఒకటి ఉంది: పంట పట్టాదారుది, కానీ చేలో దానంతట అది మొలిచిన కూర కోసుకున్నవారిది. కూలికి వెళ్లిన మనిషి యజమాని చేలో నుంచి కందికాయలు తెంపితే తగవు వస్తుంది, చెంచలి కూర కోసుకుంటే ఎవరూ పట్టించుకోరు. భూమీ పెరడూ లేని ఇంటికి వానాకాలమంతా డబ్బు పెట్టకుండా దొరికే కూర ఇదొక్కటే. పెరటి తోట ఉన్నవారి ఆస్తికి మరికొంత చేరుస్తుంది. చేలో కూర ఏ ఆస్తీ లేనివారి కంచంలోకి కూడా వస్తుంది. ఊరి తిండిని బలపరచడం అంటే అందరికన్నా అడుగున ఉన్న ఇంటి నుంచి లెక్క మొదలుపెట్టడమని ఒప్పుకుంటే, నా మొగ్గు ఎటో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ వాడుక నేడు గడ్డిమందు చేతిలో పోతోంది. మొక్కజొన్నలో అట్రజిన్, పత్తిలో మొలకకు ముందు కొట్టే పెండిమిథాలిన్ మామూలైపోయాయి. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును తెగుళ్ల నివారణ నిపుణుల ద్వారా తప్ప వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చినా, ఆ కట్టడి చేను గట్టు దాకా వచ్చిన జాడ కనిపించదు. గడ్డిమందు ఒక్క దెబ్బకు రెండు నష్టాలు తెస్తుంది: ఆడవాళ్లకు కలుపు కూలి పోతుంది, ఆ కూలితో పాటు ఇంటికి వచ్చే కూరా పోతుంది. మొదటిది లెక్కల్లోకి ఎక్కుతుంది, రెండోది ఎవరి లెక్కలోకీ రాదు. మందు పడిన చేలో మిగిలిన మొక్కను కోసుకు తినడం కూడా ప్రమాదమే.

రైతు వైపు న్యాయాన్ని కూడా చూడాలి. అదును దాటిపోతుంటే కూలీలు దొరకరు, దొరికినా రెండు మూడు దఫాల కలుపు ఖర్చు మందు ఖర్చును మించిపోతుంది, ఎద్దులు లేని ఇంట్లో గుంటుక తోలేవారు ఉండరు. కాబట్టి మందు మానమని ఉపన్యాసం ఇచ్చి రావడం వల్ల ఒరిగేదేమీ లేదు. జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. దాదాపు 75 ఊళ్ల సంఘాల మహిళలు, వారిలో అత్యధికులు దళితులు, కూరలను విడిగా కాపాడలేదు. జొన్న, కంది, పెసర, అనుములు, నువ్వులు కలిపి వేసే పాత సాగును నిలబెట్టారు, దాని వెంట కూరలూ నిలిచాయి. కలిపి వేసిన చేలో ఒక మందు కొడితే దెబ్బతినే పంట ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి గడ్డిమందుకు అక్కడ సహజంగానే చోటు తక్కువ. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం దక్కింది. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టి ఊరూరా తిప్పే పాత పంటల జాతరను చూసినవారికి ఆ పని వెనుక ఉన్న పట్టుదల తెలుస్తుంది.

అడవి అంచు ఊళ్లలో వాడుకకు చట్టం అండ కూడా ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల సేకరణను హక్కుగా గుర్తించింది. వెదురు, తేనె, మూలికలతో పాటు దుంపలూ గడ్డలూ ఆ నిర్వచనంలో ఉన్నాయి. నల్లమలలోనో పాడేరు వైపో పనిచేసేవారు విత్తన పొట్లాల కన్నా ముందు గ్రామసభ తీర్మానాల మీద శ్రద్ధ పెట్టడం మంచిది. మైదానపు చేలో కూరకు అటువంటి చట్టం ఏదీ లేదు, ఉన్నదల్లా మాటే.

పెరటి తోటే ముందుగా చేయవలసిన ఊళ్లు కూడా ఉన్నాయి. ఊరి చుట్టూ నాలుగు వైపులా పత్తే ఉండి, ఏళ్ల తరబడి మందు పడుతున్న చోట చేలో కూర కోసుకోమని చెప్పడం మంచి సలహా కాదు. నడవలేని వృద్ధులు ఒంటరిగా ఉండే ఇళ్లకూ, ఆవరణ గోడ ఉన్న బడులకూ తోటే సరైనది. అలాంటి చోట కూడా వేసవికి ఎండిపోయే మడుల కన్నా ఒకసారి నాటుకుంటే తక్కువ నీటితో బతికే మునగ, కరివేపాకు, అవిసెలకు మొదటి స్థానం ఇవ్వాలి. వేసవి కొరతకు తోట ఒక్కటే జవాబన్న వాదన నాకు అంతగా రుచించదు; చింతచిగురు వచ్చేది ఆ ఎండల్లోనే, దాన్ని ఎండబెట్టి దాచుకోవడం, కూరగాయలను ఒరుగులు చేసుకోవడం మన ఇళ్లలో తెలియని విద్యలు కావు.

విత్తన బ్యాంకును పై రెండింటికీ పోటీగా కాక, వాటికి తోడుగా పెట్టుకోవాలి. వేప ఆకు, బూడిద కలిపి బుట్టల్లో దాచిన విత్తనాన్ని అప్పుగా ఇచ్చి, పంట వచ్చాక కొంత ఎక్కువగా కొలిచి తీసుకునే పద్ధతి చిన్న సంఘం కూడా నడపగలదు. పట్టణాల్లో మిద్దె తోటలు ఆయా ఇళ్లకు మంచివే, కానీ అవి ఊరి ఉమ్మడి తిండి లెక్కలోకి రావు.

చేలో కూరల వైపు మొగ్గేవారు ఒక్క విషయం గమనించాలి. మొలకకు ముందు కొట్టే మందు విత్తిన రెండు మూడు రోజుల్లోనే నేల మీద పడిపోతుంది కనుక, రైతులతో కూర్చొని మాట్లాడే పని రోహిణి కార్తెలోనే జరగాలి. మృగశిర వచ్చి సాళ్లు పట్టాక ఎంత చెప్పినా ఆ ఏటికి ఫలితం ఉండదు. ఆ సమావేశంలో చేను మొత్తం మందు లేకుండా వదలమని అడగనవసరం లేదు. గట్లూ, గట్టును ఆనుకొని రెండు మూడు సాళ్లూ వదిలితే చాలని, ఆ అంచున కాసింత పుంటికూర (గోంగూర) గింజ చల్లుకోమని, ఆ సాళ్ల కలుపు సంఘం మహిళలే తీసిపెడతారని చెబితే ఒప్పుకునే రైతులు ప్రతి ఊళ్లోనూ కొందరు ఉంటారు. ఆ కొందరి చేలు ఏవో కాలనీ ఆడవాళ్లకు ముందుగా తెలియజేయడం సంఘం చేయవలసిన మొదటి పని.